జీవాళి, కంప్యూటరూ, పోయిన నా నలభై సెకన్లూ

నిరుడు ఒక మిత్రుడు ఫోన్ చేసాడు. "ఒరేయ్, 2007లో మన షార్ట్ ఫిల్ముకి చివర్లో ఓ శబ్దం చేసావు గుర్తుందా, పొగమంచులోంచి ఏదో వస్తున్నట్టుంటుంది.. అది ఇంకాస్త పొడుగ్గా కావాలి రా. నలభై సెకన్లే ఉంది, రెండు నిమిషాలు చెయ్యి చాలు" అన్నాడు. అదెంత పని, సాయంత్రానికల్లా పంపిస్తానని గొప్పగా చెప్పేసాను.

అటక మీంచి పాత హార్డు డిస్కు దింపాను. అదృష్టం బాగుండి తిరిగింది. ప్రాజెక్టు ఫైలు కూడా తెరుచుకుంది. తెరుచుకుని, ఫలానా ప్లగిన్ కనబడలేదని ఓ డబ్బా చూపించి ఊరుకుంది. ప్లే నొక్కితే నలభై సెకన్ల నిశ్శబ్దం. ఆ ప్లగిన్ చేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతపడిందట. నేను డబ్బులు పెట్టి కొన్నదే (ఆ రోజుల్లో మనవాళ్ళలో ఇదో వింత, నవ్వకండి). సీరియల్ నంబరు మెయిల్లో భద్రంగా ఉంది కూడా. కానీ ఆ నంబరు సరైనదేనని తలూపాల్సిన సర్వరు లేదు. నేను కూర్చుని తిప్పిన నాబులు, నేను గీసిన గీతలు, అన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి, నాకు మాత్రం అందవు. మిగిలిందల్లా ఓ 128 కేబీపీఎస్ ఎంపీత్రీ.

ఆ చిరాకులో, అసలీ సాఫ్ట్‌వేర్ వాయిద్యాల కథ ఎక్కడ మొదలయిందా అని వెనక్కి తవ్వుకుంటూ పోయాను. తీరా చూస్తే నాకు జరిగిన ముచ్చటే 1960లలో ఒకాయనకి జరిగింది. ఆయన దానికి మందు కూడా కనిపెట్టాడు. మనమే మర్చిపోయాం.

ముందు, నేను ఏ రకం శబ్దం గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. విండోస్ 95 కంప్యూటర్ ఆన్ చెయ్యగానే వచ్చే శబ్దం గుర్తుందా? గంటకి ఇంతని కట్టి నెట్ సెంటర్లో కూర్చున్న వాళ్ళెవరూ మర్చిపోరు. అది పాట కాదు, ట్యూను కూడా అనలేం. అలా తేలుతూ వచ్చి కరిగిపోతుంది. అది చేసింది బ్రయన్ ఈనో. 1978లో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఆల్బంతో 'యాంబియెంట్' అన్న మాటని జనం నోళ్ళలో పెట్టిన పెద్దమనిషి. మూడుంపావు సెకన్లు ఉండాలని అడిగితే 84 ముక్కలు చేసానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. (చివరికి బయటికొచ్చింది ఆరు సెకన్ల దాకా ఉంటుంది. రిక్వైర్‌మెంటుకీ డెలివరీకీ తేడా అప్పట్నుంచే ఉందన్నమాట.) సినిమాల్లో, గేముల్లో మాటల వెనకాల చాపలా పరుచుకుని ఉండేవి ఎక్కువగా ఈ కోవలోవే. మీట ఒకటి నొక్కి పట్టుకుంటే చాలు, అర నిమిషం పాటు దానంతటదే రంగులు మారుతూ పోతుంది. సింథసైజర్ల వాళ్ళు వీటిని 'ప్యాడ్' అంటారు.

మనకిది మరీ కొత్తేం కాదు. తంబురా చేసే పని ఇదేగా! నాలుగు తీగలు, అవే స్వరాలు, గంటల తరబడి. అయినా విసుగెత్తదు. కారణం ఆ గుర్రం మీద తీగ కింద దూర్చే చిన్న నూలుపోగు, జీవాళి. దాన్ని సరైన చోటికి జరిపితే తీగ గుర్రాన్ని ఒరుసుకుంటూ ఊగుతుంది, ఒక్క మీటులోంచి హార్మోనిక్స్ ఒకదాని వెనక ఒకటి పైకి లేస్తాయి. తీగని ఫలానా బిందువు దగ్గర మీటితే ఫలానా హార్మోనిక్స్ రాకూడదని లెక్క చెబుతుంది కదా, తంబురాలో అవి కూడా గట్టిగానే పలుకుతాయని సి.వి. రామన్ 1921లో ఒక పరిశోధన పత్రమే రాసాడు. జీవాళి తీసేసి మీటి చూడండి. స్వరం అదే, శ్రుతి అదే. ప్రాణం ఉండదు. పేరు పెట్టినవాడెవడో గానీ తెలిసే పెట్టాడు.

ఇక కంప్యూటర్ సంగతి. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ లో మాక్స్ మాథ్యూస్ అనే ఇంజనీరు, శబ్దాన్ని అంకెలుగా లెక్కకట్టే ప్రోగ్రాం ఒకటి రాసాడు. దాని పేరు 'మ్యూజిక్' (పేర్లు పెట్టడంలో ఇంజనీర్లం అప్పుడూ ఇప్పుడూ ఒకటే). ల్యాబు న్యూజెర్సీలో, ఐబీఎం 704 కంప్యూటరేమో న్యూయార్క్ లోని ఐబీఎం ఆఫీసులో. అక్కడ లెక్క నడిపించి, అంకెలు నిండిన టేపు మోసుకొచ్చి, ఇక్కడ వాటిని శబ్దంగా మార్చాలి. అలా పుట్టిన మొట్టమొదటి ముక్క 17 సెకన్లు. కట్టింది న్యూమన్ గట్మన్ అనే సహోద్యోగి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వినడానికి ఘోరంగా ఉంటుంది.

ఎందుకంత ఘోరం? కంప్యూటర్ తో ఎలాంటి శబ్దాన్నయినా పుట్టించొచ్చు, సిద్ధాంతపరంగా హద్దులు లేవు అని 1963లో మాథ్యూస్ 'సైన్స్' పత్రికలో రాసాడు. నిజమే. కానీ ఏ అంకెలయినా రాయగలగడం వేరు, ఏ అంకెలు రాయాలో తెలియడం వేరు. అప్పటి పుస్తకాల్లో ట్రంపెట్ శబ్దం ఎలా చెయ్యాలి అంటే ఒక రెసిపీ ఉండేది. మొదటి హార్మోనిక్ ఇంత, రెండోది ఇంత, మూడోది ఇంత. అన్నీ పోసి కలిపితే ట్రంపెట్. కలిపి చూస్తే ట్రంపెట్ రాలేదు, ఫ్యాక్టరీ సైరన్ తమ్ముడు వచ్చాడు.

ఆ ముడి విప్పింది 1964లో ఫ్రాన్స్ నుంచి బెల్ ల్యాబ్స్ కి వచ్చిన జాన్-క్లోద్ రిస్సే. ఫిజిక్సు చదివినవాడు, సంగీతం కట్టేవాడు కూడా. నిజం ట్రంపెట్ ని రికార్డు చేసి, ముక్కలు ముక్కలుగా కొలిచి చూసాడు. తేలిందేంటయ్యా అంటే, హార్మోనిక్స్ అన్నీ ఒకేసారి మొదలవ్వవు, పైవి కాస్త ఆలస్యంగా వస్తాయి. శబ్దం గట్టిపడే కొద్దీ పైవాటి పాలు పెరుగుతుంది, తగ్గే కొద్దీ తగ్గుతుంది. అంటే ట్రంపెట్ గుర్తు పలానా పాళ్ళలో లేదు, ఆ పాళ్ళు క్షణక్షణం మారే తీరులో ఉంది. నా మటుకు నాకు ఈ రంగం మొత్తంలో ఇంతకంటే పెద్ద కనుగోలు ఇంకోటి కనబడలేదు. తర్వాత వచ్చిన వాయిద్యాలన్నీ ఒకరకంగా ఈ ఒక్క ప్రశ్నకే జవాబులు. లోపల ఏం మారాలి, ఎలా మారాలి, ఎంత నిదానంగా మారాలి? కంప్యూటర్ కి జీవాళి ఎక్కడ దూర్చాలి?

ఇప్పుడు నా గోడుకి సంబంధించిన ఘట్టం. మాథ్యూస్ ప్రోగ్రాం నాలుగో కూర్పు అసెంబ్లీ భాషలో ఉండేది. అంటే ఒక రకం మెషినుకే అర్థమయ్యే భాష. 1960ల నడుమ బెల్ ల్యాబ్స్ వాళ్ళు మెషినే మార్చేసారు. ఇంకేముంది, ఏళ్ళ తరబడి రాసిన వాయిద్యాలన్నీ హుళక్కి. నా బోటి వాడయితే బ్లాగు రాసుకుని ఏడ్చేవాడు. మాథ్యూస్ మాత్రం అయిదో కూర్పుని ఫోర్‌ట్రాన్ లో రాసాడు, ఏ మెషిను మీదకయినా తీసుకెళ్ళేలా. అంతటితో ఆగకుండా 1969లో దాని లోగుట్టంతా పుస్తకంగా అచ్చేయించాడు. అదే ఏడాది రిస్సే తను చేసిన శబ్దాలకి ఒక కేటలాగు తయారుచేసాడు. గంటలు, ట్రంపెట్లు, ఎంతసేపు విన్నా కిందకి జారుతూనే ఉండి ఎప్పటికీ అడుగు తగలని శబ్దం.. ఒక్కోదానికీ పక్కనే దాని కోడు, అంకెలతో సహా.

ఆ కేటలాగులోని శబ్దాల్ని ఇవాళ మీరు లాప్‌టాప్ మీద వినొచ్చు. పాత రికార్డింగులు కాదు, మళ్ళీ పుట్టించి! ఎంఐటీలో బారీ వెర్కో 1986లో సి భాషలో రాసిన సీసౌండ్ ఈ వంశంలోదే. రిస్సే వాయిద్యాల్ని అందులోకి దించినవాళ్ళున్నారు. ఆ కంప్యూటర్లు ఎప్పుడో తుక్కుకి వెళ్ళిపోయాయి, కాగితం మీద అచ్చయిన కోడు మాత్రం ఉంది. నా 2007 శబ్దం దానికంటే ముప్ఫై ఎనిమిదేళ్ళు చిన్నది, అయినా ముందే పోయింది.

జాన్ చౌనింగ్ కథ కూడా ఇక్కడే చెప్పాలి. 1967లో స్టాన్‌ఫర్డ్ లో ఆయన ఒక స్వరానికి గమకం లాంటి ఊపు ఇచ్చి ఆడుకుంటున్నాడు. ఊపు వేగం పెంచుకుంటూ పోతే ఒక దశ దాటాక ఊపు వినబడటం మానేసి, శబ్దం రంగే మారిపోయింది. అదే ఎఫ్ఎం సింథసిస్. ఒక తరంగం ఇంకో తరంగాన్ని ఊపడం, అంతే. అప్పటిదాకా యాభై తరంగాలు కలిపితే గానీ రాని గంట శబ్దం రెండింటితో వచ్చేసింది. పైగా ఊపు ఎంతన్నది ఒక్క అంకె. ఆ అంకెని నెమ్మదిగా మారిస్తే రిస్సే చెప్పిన హార్మోనిక్స్ కదలిక అంతా దానంతటదే జరిగిపోతుంది. 1973లో పేపరు, 1977లో పేటెంటు, యమహా కంపెనీ హక్కులు కొనుక్కుని 1983లో డీఎక్స్7. ఎనభైల్లో సినిమా పాటలు విన్న చెవులన్నిటికీ దాని ఎలక్ట్రిక్ పియానో తెలిసే ఉంటుంది, పేరు తెలియకపోయినా. అన్నట్టు యమహా వాళ్ళు ఇదే ఎఫ్ఎం చిప్పుని ఒక ఇంటి కంప్యూటర్లో పెట్టి సీఎక్స్5ఎం అని అమ్మారు. ఇళయరాజా 1986లో 'పున్నగై మన్నన్' (మనకి 'డాన్స్ మాస్టర్') కోసం వాడింది దాన్నే.

డీఎక్స్7 గోల సరే గానీ, చౌనింగ్ ఆ పద్ధతితో సొంతంగా కట్టిన ముక్క 'స్ట్రియా', 1977. గాజు కరిగి సాగుతున్నట్టుంటుంది. నిష్పత్తులన్నీ 1.618 చుట్టూ అల్లాడు, కాబట్టి మామూలు హార్మోనిక్స్ ఏవీ ఉండవు. అయినా శ్రుతి తప్పినట్టనిపించదు. నేను రాత్రి హెడ్‌ఫోన్స్ తో విన్నాను, మీకూ అదే సలహా. ఆ ముక్క పుట్టిన కంప్యూటరూ లేదు, ఆ ప్రోగ్రాం భాషా ఎవరూ వాడరు. కానీ ప్రోగ్రాం రాత, కాగితాలు మిగిలాయి. వాటిని పట్టుకుని పరిశోధకులు 'స్ట్రియా'ని మొదట్నుంచీ మళ్ళీ లెక్కకట్టించారు, 2007లో 'కంప్యూటర్ మ్యూజిక్ జర్నల్' ఆ పని మీద వ్యాసాలు వేసింది. అదే 2007లో ఇక్కడ నేను నా శబ్దాన్ని ఒక మూసేసిన డబ్బాలో పెట్టి తాళం వేసుకుంటున్నాను, ఏం చెప్పను!

ఎనభైల హార్డువేరు జోలికి ఎక్కువ పోను. హాంబర్గ్ లో వుల్ఫ్‌గాంగ్ పామ్ తరంగాల్ని పట్టికలో వరసగా పేర్చి, ఒకదాన్నుంచి ఇంకోదానికి జారే పద్ధతి కనిపెట్టాడు, అదే వేవ్‌టేబుల్. ఇంకోపక్క శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్ల రవ్వలుగా కొట్టి, ఆ రవ్వల్ని మేఘంలా వెదజల్లే గ్రాన్యులర్ పద్ధతి. ఊహ భౌతిక శాస్త్రవేత్త డెనిస్ గేబర్ ది (1947), కంప్యూటర్ మీద చేసి చూపించింది కర్టిస్ రోడ్స్ (1970లలో), నడుస్తుండగానే అప్పటికప్పుడు పుట్టించింది కెనడాలో బారీ ట్రూవాక్స్. ఈయన 1986లో చేసిన 'రివర్‌రన్' వింటే చినుకులు వాగు అవడం, వాగు నది అవడం చెవికి తెలుస్తుంది. బొట్టూ బొట్టూ కలిపి చేసాడు, నీళ్ళ రికార్డింగు ఒక్కటీ లేకుండా.

ఇవన్నీ మామూలు పీసీల్లోకి దిగింది తొంభైల చివర్లో. పెంటియం వచ్చాక సెకనుకి 44,100 అంకెలు అప్పటికప్పుడు లెక్కకట్టడం ఇంట్లో కంప్యూటర్ కి కూడా సాధ్యమయింది. 1996లో స్టైన్‌బర్గ్ వాళ్ళు వీఎస్టీ ప్లగిన్లు తెచ్చారు, 1999లో రెండో కూర్పుతో వాయిద్యాలు కూడా ప్లగిన్లుగా చెయ్యడానికి దారి దొరికింది. ఇంక చూస్కోండి, వీధికో సింథు.

ఆ వరదలో మన విషయానికి సరిగ్గా సరిపోయేది 2000లో వచ్చిన అబ్సింత్. బ్రయన్ క్లెవింజర్ అనే సంగీతకారుడు, ప్రోగ్రామర్ కూడా, ఒంటిచేత్తో మొదలుపెట్టాడు. మామూలు సింథులో శబ్దం ఎలా ఎదిగి ఎలా తగ్గాలో చెప్పడానికి నాలుగు నాబులుంటాయి. అబ్సింత్ లో ఆ గీతని మీరే గీస్తారు, అరవై పైచిలుకు బిందువులతో, నిమిషాల పొడుగున. ఆ గీతలు శబ్దం ఎత్తుకే కాదు, దాని రంగుకీ ఫిల్టరుకీ అన్నిటికీ. రిస్సే కొలిచి చెప్పినదాన్ని ఈయన మౌసుతో గీసుకునేలా చేసాడని నా అభిప్రాయం. తర్వాత దాన్ని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ తీసుకుంది. సినిమా సంగీతం వాళ్ళు, గేముల వాళ్ళు తెగ వాడారు. 2009లో అయిదో కూర్పు, 2022లో కంపెనీ దాన్ని ఆపేసింది. జనం గోలపెట్టారు. 2025 చివర్లో ఆరో కూర్పుగా మళ్ళీ వచ్చింది, సంతోషం. కానీ ఆ మధ్య మూడేళ్ళు ఇరవై ఏళ్ళ పనంతా అందులో దాచుకున్నవాడు బిక్కుబిక్కుమంటూ పాత మెషిను ఆపకుండా కూర్చోవడమేగా?

కంపెనీలని తిట్టడం తేలికే. అసలు దొంగ ఇంకొకడున్నాడు. 2011లో ఆపిల్ వాళ్ళు పవర్‌పీసీ ప్రోగ్రాములు నడవకుండా చేసారు. 2019లో 32-బిట్ వాటికి మంగళం పాడారు. 2020లో ప్రాసెసరే మార్చారు. ఒక్కో మార్పుకీ కారణాలుంటాయి, నేనూ ఆఫీసులో పాత కోడు తీసి అవతల పారేసే మీటింగుల్లో తలూపేవాణ్ణే. ఒక్కో మార్పుకీ ఓ వంద చిన్న ప్లగిన్లు నోరు మూస్తాయి, ఎందుకంటే వాటిని రాసినవాడు ఒక్కడు, వాడిప్పుడు ఇంకేదో ఉద్యోగంలో ఉంటాడు.

ఈనో విషయంలో ఇది ఇంకా వింతగా జరిగింది. 1996లో ఆయన 'జెనరేటివ్ మ్యూజిక్ 1' అని ఒక ఫ్లాపీ విడుదల చేసాడు. అందులో రికార్డింగు లేదు, కోన్ అనే సాఫ్ట్‌వేర్ కి ఇచ్చే సూత్రాలున్నాయి. విన్న ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. ఆయన మనసంతా దాని మీదే, రికార్డింగుల కాలం పోయింది, ఇక అందరూ ఇలాగే వింటారని నమ్మాడు. ఆ ఫ్లాపీని అనుకున్నట్టుగా వినాలంటే ఇప్పుడు ఆ కాలపు పీసీ, ఆ కాలపు సౌండ్ కార్డు వెతుక్కోవాలి. ఆయన ఆటవిడుపుగా చేసిన విండోస్ 95 శబ్దం మటుకు వట్టి రికార్డింగు. దాన్ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2025లో జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

"ఏ వాయిద్యమయినా పాడవుతుంది కదండీ, దీనికింత రాద్ధాంతం దేనికి" అని మీరనొచ్చు. అవుతుంది. కానీ వీణ బీట తీస్తే బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్తాం. ఒకే పనస దుంగలోంచి వీణ తొలిచేవాళ్ళు ఇంకా ఉన్నారక్కడ. పోయిన వీణ రాకపోయినా అలాంటిది ఇంకోటి వస్తుంది, ఎందుకంటే ఎలా తొలవాలన్నది ఒక్కడి సొత్తు కాదు. ప్లగిన్ అలా కాదు. లోపల ఏముందో చెయ్యి పెట్టి చూసే వీల్లేదు.

అలాగని అందరూ సీసౌండ్ నేర్చుకోండని నేను చెప్పబోవట్లేదు. సంగీతం వచ్చినవాడు ఫోర్‌ట్రాన్ తో కుస్తీ పట్టాల్సిన రోజులు పోవడం మంచిదే. గీతలు గీసే వీలు లేకపోతే నేను ఆ నలభై సెకన్లు కూడా చేసుండేవాణ్ణి కాదు. నా పేచీ ఒక్కటే. మాథ్యూస్ లాగా చేసినవాళ్ళు మన కాలంలోనూ ఉన్నారు, వాళ్ళకి రావాల్సినంత పేరు రాలేదు. క్లేస్ యోహాన్సన్ చేసిన సర్జ్ అనే సింథు మొదట అమ్మకపు సరుకే. కొనసాగించడం కుదరక 2018లో సోర్సు కోడంతా బయటపెట్టేసాడు. ఎవరెవరో చేతులు కలిపారు, ఆపిల్ ప్రాసెసర్ మారినా అది మోగుతూనే ఉంది. ఇక రుమేనియా కుర్రాడు నాస్కా ఆక్టేవియన్ పాల్. 2002లో జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్ఎక్స్ అనే నోరు తిరగని పేరుతో ఒక సింథు మొదలుపెట్టి, ఉచితంగా, కోడుతో సహా ఇచ్చాడు. అందులో ప్యాడ్‌సింథ్ అని ఒక పద్ధతి ఉంది, దాన్ని ఎవరయినా వాడుకోవచ్చని వివరంగా రాసి పెట్టాడు.

ఆ పద్ధతి చూస్తే ముచ్చటేసింది. భజనలో పదిమంది ఒకే 'సా' పట్టుకుంటే పదీ అచ్చం ఒకేలా ఉండవు కదా, ఒకరు వెంట్రుకవాసి పైన, ఒకరు కింద. ఆ చిన్న చిన్న తేడాల వల్లే శబ్దం నిండుగా, సముద్రంలా కదులుతుంది. పాల్ ఏం చేసాడంటే, ప్రతి హార్మోనిక్ నీ సన్నటి గీతలా కాకుండా కాస్త వెడల్పయిన గుట్టలా పరిచాడు. ఫేజులన్నీ లాటరీ తీసినట్టు ఇష్టమొచ్చినట్టు వేసాడు. మొత్తాన్నీ ఒక్కసారి ఉల్టా ఎఫ్ఎఫ్‌టీ కొడితే అతుకు తెలియకుండా తిరిగే కొన్ని సెకన్ల శబ్దం వచ్చేస్తుంది. అంతే. జీవాళి ఇంత చిన్న కోడులో పడుతుందని నేననుకోలేదు.

ఒక ఆదివారం కూర్చుని పైథాన్ లో రాసాను. అరవై లైన్లు కూడా లేదు. తర్వాత నా ఎంపీత్రీని పక్కన పెట్టుకుని, రిస్సే ట్రంపెట్ ని కొలిచినట్టు (పోలిక కాస్త ఎక్కువయిందేమో) ముక్కముక్కా కొలుచుకుంటూ, పైన పొగమంచుకి ఇంత, లోపల రొదకి ఇంత అని మూడు వారాంతాలు పట్టి కట్టాను. రెండు నిమిషాలు కావాలంటే రెండు నిమిషాలు, రెండు గంటలంటే రెండు గంటలు. కోడు ప్రింటు తీసి ఆ షార్ట్ ఫిల్ము సీడీ డబ్బాలోనే పెట్టాను.

మిత్రుడికి పంపించాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది. "బాగుంది రా.. కానీ పాతదే బాగుంది. అందులో వెనకాల ఏదో గరగరమని ఉండేది, అది పెట్టవా?"

ఆ గరగర 128 కేబీపీఎస్ ది. ఇంకా చెప్పలేదు వాడికి.